ఆరని చిలకపచ్చ

అక్టోబరు 3, 1949. సూర్యాపేట

కోదాడ పోయి వచ్చాను. గోపాలం గారు రంగు మీద ఒక్క అణా కూడా తగ్గించలేదు కానీ ఈ డైరీ ఇచ్చాడు. రంగుల కంపెనీ వాళ్లు జనవరిలో పంచితే ఆయన కొట్లో మిగిలిపోయిందట. సెప్టెంబరు దాకా అన్నీ తెల్ల కాగితాలే. ఆ నెలల్లో నాకు రాసుకునేంత కష్టాలేమీ లేవని ఎవరైనా చూస్తే అనుకుంటారు. ఎవరూ చూడరు. మా ఆవిడ అలివేలుకు చదువు రాదు. బెజవాడలో ఉస్తాదు దగ్గర రంగు పనితో పాటు నాకు అబ్బిన అక్షరాలను ఇన్నాళ్లు లారీల మీద పేర్లు రాయడానికే వాడాను. ఇప్పుడు నాకోసం వాడుకుంటాను.

కొట్లో జరిగింది ముందు రాస్తాను, కోపం చల్లారక ముందే.

"ఇదేం ధర గోపాలం గారూ, పోయిన నెల గిట్ల లేదు కద" అన్నాను.

"పోయిన నెల రూపాయి కూడా ఇలా లేదండీ. ఢిల్లీలో దాని విలువ తగ్గించారు, బెజవాడలో సరుకు విలువ పెంచారు. మధ్యలో సరిహద్దు నాకా మీద సుంకం, మన హాలీ సిక్కాను వాళ్ల కల్దారు రూపాయిగా మార్చుకోడానికి వట్టం. నేనేం చేసేది చెప్పండి."

"నీ లాభం జర తగ్గించుకో."

"ఉంటేగా తగ్గించుకోడానికి. ఇదిగో, డైరీ ఉంచుకోండి."

రేకు పెరిగింది, మేకులు పెరిగాయి, బోల్టులు పెరిగాయి, సఫేదా అనే తెల్ల పొడి పెరిగింది, పచ్చ పొడి పెరిగింది. అన్నిటికంటే ఎక్కువ పెరిగింది అవిసె నూనె. కలకత్తా నుంచి వచ్చే ఆ డబ్బా ధర విని నేను గోపాలం గారి ముఖం చూశాను, నవ్వుతున్నాడేమోనని. నవ్వడం లేదు. రెండు పూతలకు సరిపడా పచ్చ పొడి, తెల్ల పొడి కొనేసరికి సంచి బరువెక్కింది, జేబు తేలికైంది. నూనె కొనలేదు. నూనె లేకుండా పొడిని లారీకి ఎలా అంటించాలో రేపు ఆలోచిస్తాను.

లారీలకు బాడీ కట్టి రంగు వేసే నా షెడ్డులో ఇప్పుడున్నది ఒకే లారీ. మిర్యాలగూడలో బియ్యం మిల్లు నడిపే వెంకటనర్సమ్మ గారిది. మిలిటరీ వాళ్లు అమ్మేస్తే ఆమె కొన్న బండి. కొత్త చెక్క బాడీ కట్టి, చిలకపచ్చ రంగు వేసి ఇవ్వాలి. శ్రావణంలో ధర మాట్లాడుకున్నాం, నోటి మాట. అప్పుడు రూపాయి ఆరోగ్యంగానే ఉంది. ఈ పని నచ్చితే ఆమె తక్కిన రెండు లారీలు కూడా నాకే ఇస్తానంది.

నచ్చకపోతే ఏమవుతుందో దసరా నాడు తుంగతుర్తిలో నాయిన చెప్పేశాడు. జమ్మి ఆకు నా చేతిలో పెట్టి, మంచి మాట చెబుతాడనుకుంటే ఈ మాట చెప్పాడు: "కార్తీక పున్నమి దాక సూస్త. అప్పటికి నీ షెడ్డు నిలబడకపోతె నేనే బండి కట్టుకొని వస్త. తాళమేసి ఇంటికి నడువు. గానుగకు మనిషి లేడు."

మేము గాండ్లవాళ్లం. నాయిన, తాత, ఆయన నాయిన అందరూ ఆముదం గానుగ తిప్పినవాళ్లే. నేను చిన్నప్పుడు ఆ ఎద్దు వెనక ఎంత తిరిగానంటే, తిన్నగా పోయే రోడ్డంటే నాకు ఇప్పటికీ ముద్దు. నేను రంగు వేసిన లారీ కోదాడ రోడ్డు మీద పోతుంటే పని ఆపి చూస్తాను. అది వదిలి మళ్లీ గుండ్రంగా తిరగడం నా వల్ల కాదు. ఇది మాత్రం ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

అక్టోబరు 4

అలివేలు అన్నది: "మిర్యాలగూడ పోయి ఆ అమ్మను అడుగు. రంగు పిరమైంది, జర ఎక్కువ ఇయ్యమని చెప్పు. నోరు లేదా నీకు?"

"మాటిచ్చిన."

"మాటతోని రంగు కలుపుతవా?"

దీనికి జవాబు ఉంది. అన్నం తింటున్నాను కాబట్టి చెప్పలేదు.

అక్టోబరు 6

ఈ రోజు నాకొక ఉపాయం తట్టింది. ఇంత మంచి ఉపాయం సూర్యాపేటలో ఎవరికీ తట్టి ఉండదు.

దసరాకు పోయినప్పుడు నాయిన రెండు డబ్బాల ఆముదం ఇచ్చి పంపాడు, ఇంట్లోకి వాడుకోమని. ఒకటి దీపాలకు, తలలకు, అలివేలు కీళ్లకు పోను ఇంకా మూతి దాకా ఉంది. రెండోది మూత కూడా తియ్యలేదు. బెజవాడలో మా ఉస్తాదు రంగు కలిపేటప్పుడు చివర్న ఒక చుక్క ఆముదం వేసేవాడు, మెరుపు కోసం. ఒక్క చుక్కకే అంత మెరుపు వస్తే డబ్బాకు ఎంత రావాలి? అది కూడా నూనే. ఇది కూడా నూనే. పైగా ఇది మన నూనె, కల్తీ లేనిది, రూపాయి విలువతో సంబంధం లేనిది.

చిన్న చెక్క మీద వేసి చూశాను. అద్దంలో చూసుకున్నట్టు నా ముఖం కనపడింది. అలివేలును పిలిచి చూపించాను.

"నెత్తికి రాసుకునేది లారీకి రాస్తవా?" అన్నది.

"లారీకి నెత్తి లేదా?"

ఆమె డబ్బా వంక చూసింది, నా వంక చూసింది, లోపలికి పోయింది. పని గురించి తెలియనివాళ్లతో వాదించడం నాకు అలవాటు లేదు.

అక్టోబరు 8

వేశాను. మొదటి పూత, నిండుగా. చిలక కూడా ఇంత పచ్చగా ఉండదు. రోడ్డు మీద పోయేవాళ్లు ఆగి చూస్తున్నారు. చెక్క పని చేసే మట్టయ్య వచ్చి చుట్టూ తిరిగాడు.

"అన్నా, మంచిగనే ఉన్నది గని వాసన ఏందో తెలిసిన వాసనే ఉన్నది" అన్నాడు.

"కొత్త రకం" అని చెప్పాను.

ఆనందంగా ఉంది. రేపు ఆరగానే రెండో పూత వేస్తాను.

అక్టోబరు 9

ఆరలేదు. గాలిలో తేమ.

అక్టోబరు 10

ఆరలేదు. మబ్బు.

అక్టోబరు 12

ఈ రోజు ఎండ బాగానే కాసింది కానీ తూర్పు వైపు ఒక మబ్బు ఉంది. అలివేలు దాన్ని చూడలేదట. నేను చూశాను.

పక్కింటి కోడి ఒకటి ఎగిరి బానెట్టు మీద కూర్చుంది. దిగడానికి చాలా ఆలోచించాల్సి వచ్చింది దానికి. మూడు ఈకలు మాకు వదిలి పోయింది. పక్కింటామె ఈకలు తిరిగి ఇమ్మని అడగలేదు కానీ చాలా అడిగింది. సాయంత్రం ఒక మిలిటరీ జవాను మంచినీళ్లకు ఆగి, చెంబు ఎత్తి తాగుతూ లారీకి ఆనుకున్నాడు. నేను చెప్పబోయేలోగానే ఆనుకున్నాడు. ఖాకీ వీపు సగం పచ్చబడింది. ఆయన చూసుకోలేదు, నేను చెప్పలేదు. దండం పెట్టాను. ఆయన కూడా పెట్టాడు. వాళ్ల క్యాంపులో ఎవరైనా ఈపాటికి చెప్పే ఉంటారు.

లారీని తాకడానికి వీల్లేకుండా చుట్టూ తాడు కట్టాను.

అక్టోబరు 14

మబ్బు లేదు. రంగు గురించి ఈ రోజు రాయను.

అక్టోబరు 15

అలివేలు ఊరికే ఉండదు. పొద్దున్నే నా ముందు కూర్చొని తలకు నూనె రాసుకుంటూ అన్నది: "మంగళారం రాసుకున్న. ఇంక జిడ్డు పోలే. తల స్నానం చేస్తె గాని పోదు. నీ లారీకి స్నానం చేయిస్తవా?"

నాకు నవ్వొచ్చింది. నవ్వు రాకూడని చోట వచ్చినందుకు కోపం కూడా వచ్చింది. రంగులో సఫేదా ఎక్కువ పడి ఉంటుంది, అందుకే ఆలస్యం. నెమ్మదిగా ఆరే రంగు ఎక్కువ కాలం నిలుస్తుందని ఉస్తాదు అనేవాడు. అనేవాడనే గుర్తు.

అక్టోబరు 20

ఫకీరా వచ్చాడు. వెంకటనర్సమ్మ గారి లారీ నడిపేది ఇతనే. రేపు దీపావళి, మిల్లులో లక్ష్మీ పూజ, లారీకి కూడా పూజ చెయ్యాలని అమ్మ తెమ్మన్నదట.

"రెండో పూత వెయ్యలే. ఇంకో నాలుగొద్దులు ఆగు" అన్నాను.

"నాలుగొద్దులు ఆగి తీస్కపోతె అమ్మ నాకు పూజ చేస్తది అన్నా. మస్తుగున్నది, ఇంకేం పూత."

వేలు పెట్టి చూడబోయాడు. చెయ్యి పట్టుకున్నాను. తెల్లవారి బయల్దేరుతున్నాం. నేను కూడా పోతున్నాను. తోడుగా ఉంటే బాగుంటుందని, అంతే.

అక్టోబరు 22

తిరిగి వచ్చాను. లారీ కూడా తిరిగి వచ్చింది. జరిగింది వరసగా రాస్తాను.

సూర్యాపేట దాటేటప్పుడు మా లారీ చిలకపచ్చ. గరిడేపల్లి దగ్గరికి వచ్చేసరికి ఎర్ర దుమ్ము పట్టి ముదురు వంకాయ రంగుకు వచ్చింది. ఎదురుగా గడ్డి బండ్లు వచ్చాయి. ఒక్కో బండి పోతూ పోతూ మాకు కొంత గడ్డి ఇచ్చి పోయింది. ఫకీరా అద్దంలోంచి పక్కకు చూసి, బండి ఆపి, దిగి, చుట్టూ తిరిగి వచ్చి మళ్లీ కూర్చున్నాడు.

"అన్నా, ఏం రంగు ఇది?"

"నువ్వు రోడ్డు చూసి నడుపు."

మిర్యాలగూడ చేరేసరికి మిల్లు నడుస్తోంది. ఫకీరా ఎప్పటి అలవాటు కొద్దీ బండిని వెనక్కి తిప్పి ఊక గొట్టం పక్కన నిలబెట్టాడు. నేను వద్దనే లోపల గొట్టంలోంచి ఊక వచ్చి పడింది. గాలికి లేచింది, లేచిందంతా వచ్చి మా లారీ మీద వాలింది. వాలింది మళ్లీ లేవలేదు. కాసేపటికి కిటికీ అద్దం తప్ప అంతా ఊకే.

వెంకటనర్సమ్మ గారు హారతి పళ్లెంతో బయటికి వచ్చింది. పెద్ద మనిషి. భర్త పోయాక మిల్లంతా ఆమే చూసుకుంటుంది. గొంతు తగ్గించి మాట్లాడదు.

"ఫకీరా, లారీ ఏది?"

"ఇదేనమ్మా."

"ఇది లారీనా, గొర్రెనా?"

కూలీలందరూ పని ఆపారు. ఆమె దగ్గరికి వచ్చి బొట్టు పెడదామని ఊక పక్కకు తోసి వేలు ఆనించింది. కుంకుమ లారీకి అంటలేదు, పచ్చ రంగు ఆమె వేలికి అంటింది. వేలు ఎత్తి నాకు చూపించింది.

"ఉప్పలయ్యా, ఇది ఎన్నడు ఆరుతది?"

"గాలిల జర తేమ ఉన్నదమ్మా."

"మా వాకిట్ల వడియాలు ఎండినయ్. గాలి అందరికి ఒక్కటే కద."

సైదమ్మ అని తౌడు జల్లించే ముసలామె ఉంది. ఆమె లారీ దగ్గర ముక్కు పెట్టి, "అమ్మా, ఇది నా నెత్తి వాసన" అన్నది. ఇంకేముంది. వెంకటనర్సమ్మ గారు నా వంక చూసింది.

"ఆముదం పోసినవా?"

పోశానని చెప్పాను. ఎందుకు పోశానో కూడా చెప్పాను, కలకత్తా డబ్బా ధరతో సహా. ఆమె వడ్ల బస్తా మీద కూర్చొని నవ్వింది. కూలీలు నవ్వారు. ఫకీరా స్టీరింగు మీద తల పెట్టి నవ్వాడు. నాకు ఏడుపు వచ్చేలా ఉండి నేను కూడా నవ్వాను. నవ్వడం అయిపోయాక ఆమె కళ్లు తుడుచుకొని అన్నది: "రంగు పిరమైందని నాకు తెల్వదా? అప్పుడు అడిగితె నూనెకు ఇయ్యకపోదునా? ఇప్పుడు అడగకు, ఇప్పుడు ఇయ్య. పున్నమికి వడ్లు దిగుతయి. ఆ పొద్దు నా లారీ పొడిగ ఉండాలె. లేకపోతె బెజవాడ పంపిస్త. కడమ రెండు గూడ ఆడికే పోతయి."

మళ్లీ పున్నమి. నాయినకూ ఈమెకూ ఒకరి సంగతి ఒకరికి తెలియదు కానీ ఇద్దరూ ఒకే రోజును ఎంచుకున్నారు.

అడిగితే ఇచ్చేదాన్ని అని ఆమె అన్న మాట అలివేలుకు చెప్పను.

అక్టోబరు 24

రెండు రోజులుగా గీకుతున్నాం. వేడినీళ్లు, సోడా, సైదమ్మ ఇచ్చి పంపిన తౌడు. తౌడు చల్లి రుద్దితే నూనె పీల్చుకుంటుందని ఆమె చెప్పింది, నిజంగానే పీల్చుకుంటోంది. అలివేలు చీర ఎగగట్టి లారీ పైకెక్కి రుద్దుతోంది. మట్టయ్య కూడా ఒక పక్క పట్టాడు. ముగ్గురం పచ్చగా ఉన్నాం. అలివేలు ముక్కు మీద పచ్చ మచ్చ చూసి నేను నవ్వితే నా చెవులు చూసుకోమన్నది.

పొడి ఇంకో పూతకు మిగిలి ఉంది, అది అదృష్టం. నూనె లేదు. గోపాలం గారి దగ్గర అవిసె నూనె డబ్బా ధర ఇంకా పెరిగిందని బస్సు మీద వచ్చినవాళ్లు చెప్పారు.

రుద్దుతూ రుద్దుతూ అలివేలు అడిగింది: "నాకు తెల్వక అడుగుత. ఆ కలకత్తా నూనె దేనితోని తీస్తరు?"

"అవిసెలతోని."

"మన బజార్ల అమ్మే అవిసెలేనా?"

"ఆ."

"ఎట్ల తీస్తరు?"

"మిషన్ల పోసి పిండుతరు."

"మిషన్ల పోస్తె వచ్చే నూనె గానుగల పోస్తె రాదా?"

నేను చేతిలోని గుడ్డ బకెట్లో పడేసి బయటికి వెళ్లిపోయాను.

అక్టోబరు 25

నిన్న కోపం ఎందుకు వచ్చిందో రాయను.

అదే రోజు, మళ్లీ

రాస్తాను, ఎవరు చూస్తారు.

గాండ్లవాడి కొడుకును. నడక రాకముందే నూనె వాసన తెలిసినవాణ్ని. ఇన్నేళ్లు కలకత్తా డబ్బా కొన్నాను, మూత తీశాను, కలిపాను, వేశాను. అది ఎక్కడో దొరల మిషన్లలో పుట్టే సరుకని అనుకున్నానే కానీ, మా ఇంట్లో ఉన్నదానిలాంటి ఒక గానుగ నోట్లోంచి వచ్చేదేనని ఒక్కసారి కూడా తట్టలేదు. తట్టాల్సింది ఇంకెవరికి? అందుకే కోపం. ఇంకొకటి కూడా ఉంది. నాయిన దగ్గరికి పోయి గానుగ ఆడించమని అడిగితే, పున్నమి రాకముందే నేను ఓడిపోయి పోయినట్టు.

అలివేలు అన్నం పెడుతూ ఏమీ అనలేదు. ఆమె ఏమీ అనకపోతే అన్నం దిగదు.

"గీకుడు అయిపోంగనె తుంగతుర్తి పోత" అన్నాను.

"అవిసెలు కట్టి పెట్టిన" అన్నది. పొద్దున్నే బజారుకు పోయి తెచ్చిందట.

అక్టోబరు 28. తుంగతుర్తి

దారిలో మిలిటరీ వాళ్లు బండి ఆపి నా మూటలు విప్పించారు. గింజలు చేతిలోకి తీసుకొని ఇదేమిటని హిందీలో అడిగారు. నాకు వచ్చిన హిందీలో, లారీకి వేసే రంగు అని చెప్పాను. ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. నన్ను జాలిగా చూసి వదిలేశారు.

నాయిన అరుగు మీద కూర్చొని ఉన్నాడు. ఎద్దు కట్టేసి ఉంది. పని పూట గానుగ ఆగి ఉండటం నేనెప్పుడూ చూడలేదు. ఆ సంగతి అడగలేదు, నా సంగతే చెప్పాను. ఆముదం పోశానని చెప్పగానే లేచి నిలబడ్డాడు.

"ఎంత పోసినవ్?"

"డబ్బ నిండ."

"మన ఆముదమే?"

"మనదే."

కొడతాడనుకున్నాను. నడుము పట్టుకొని నవ్వాడు. "అరే, నీ తాత పెట్టెకు రాసిన ఆముదం ఇంక ఆరలే, నీ లారీకి ఎట్ల ఆరుతదిరా" అన్నాడు. అమ్మ పోయిన తర్వాత ఆయన అంతగా నవ్వగా నేను చూడలేదు. అవమానం అనిపించలేదు, ఆశ్చర్యంగా ఉంది. ఇంకో లారీకి కూడా ఆముదం రాద్దామా అనిపించింది.

అవిసెలు చూపించాను. ఆయన గుప్పెడు తీసి నలిపి వాసన చూశాడు, ఒకటి కొరికాడు.

"నూనె ఉన్నది. వస్తది. గని ఈ గానుగల రాదు."

"ఎందుకు నాయినా?"

"రోలు సూడు. నా తాతల నుంచి ఆముదం తాగి తాగి ఉన్నది. గిండ్ల ఏం పోసినా ఆముదం కలుస్తది. నీ లారీ మల్ల గొర్రె అయితది."

నిజమే. ఆ మాట నాకు కూడా తట్టాల్సింది. మూటలు మళ్లీ కట్టుకున్నాను. ఎద్దు దగ్గరికి పోయి నిలబడ్డాను. రేపు తిరిగి పోతాను.

అక్టోబరు 29. తుంగతుర్తి

పొద్దున చెక్క చెక్కుతున్న చప్పుడుకు లేచాను. నాయిన బాడిస తీసుకొని గానుగ రోలు లోపలంతా చెక్కుతున్నాడు. నల్లగా నూనె పట్టిన చెక్క పేళ్లు పేళ్లుగా లేచి వస్తోంది. అప్పటికే సగం తెల్ల చెక్క కనపడుతోంది.

"నాయినా, ఏం చేస్తున్నవ్? ఇగ ఆముదం ఎట్ల ఆడిస్తవ్?"

"ఆముదానికి వచ్చేటోళ్లు ఎవలున్నరు బిడ్డా. ఇంటింటికి కిర్సనాయిలు బుడ్డి వచ్చె. దసరా సంది ముగ్గురు వచ్చిండ్రు. అండ్ల ఒకాయన మంచినీళ్లకు వచ్చిండు."

"మరి గానుగకు మనిషి లేడంటివి?"

బాడిస ఆగింది. ఆయన నా వంక చూడలేదు, రోట్లోకి చూస్తూ చెప్పాడు.

"గానుగకు కాదురా. ఇంట్ల మనిషి లేడు. గట్ల ఎట్ల అడుగుత నిన్ను?"

ఆయన చేతిలోని బాడిస తీసుకొని మిగతా సగం నేను చెక్కాను. రోకలికి కూడా కొత్త మొన చెక్కాం. మొదట కొన్ని అవిసెలు పోసి ఆడించి, ఆ నూనె పారబోశాం, ఏ కాస్త ఆముదం ఉన్నా దాంతో పోవాలని. తర్వాత అసలు నూనె. ఎద్దు వెనక మళ్లీ తిరిగాను. చాలాసేపు తిరిగాను. చెప్పొద్దూ, ఈ తిరుగుడు నాకు బరువనిపించలేదు.

నూనె తీయగా మిగిలిన పిప్పిని, అదే అవిసె చెక్కను, నాయిన ఎద్దు ముందు పెట్టాడు. ఆముదం చెక్క పశువులు తింటే చస్తాయి, చేలకు ఎరువుగా వేయాల్సిందే. అవిసె చెక్క అలా కాదు. ఎద్దు ఒకసారి మూతి పెట్టి, ఇక తల ఎత్తలేదు.

"ఇన్నేండ్లు తిప్పింది, ఈ ఒక్కనాడే తిన్నదిరా ఇది" అన్నాడు నాయిన. ఆయన కళ్లు తడిగా ఉన్నాయి. నా కళ్లు కూడా.

నవంబరు 1. సూర్యాపేట

గానుగ నూనె ఉన్నదున్నట్టు వేస్తే ఆరడానికి చాలా రోజులు పడుతుంది. దాన్ని కాచాలి. ముర్దార్‌సింగి అని పసుపుపచ్చ పొడి ఒకటి ఉంటుంది, తొందరగా ఆరడానికి అది వేసి సన్నటి మంట మీద కాచాలి. అది ఉస్తాదు నేర్పిన పని. ఈ పనిలో నన్నెవరూ వేలెత్తి చూపలేరు. చూపలేదు కూడా. అలివేలు పక్కన కూర్చొని కర్ర ఆడించింది. ముందుగా చిన్న చెక్క మీద వేశాను. పోయిన నెల కూడా చెక్క మీద వేశాను కానీ, ఆరేదాకా ఆగలేదు. ఈసారి ఆగుతున్నాను.

నవంబరు 2

ఆరింది.

అలివేలు చెంప ఆనించి చూసింది. ఆమె చెంప ఆమె చెంపలాగే ఉంది. లారీకి ఇక రంగు మొదలుపెట్టాను.

నవంబరు 5, కార్తీక పున్నమి

నిన్నటికే లారీ పొడిగా ఉంది. చిలకపచ్చ, ఎర్ర అంచు. ఈసారి తాడు కట్టలేదు.

పొద్దున ఫకీరా వచ్చాడు. వెనకే ఇంకో లారీలో వెంకటనర్సమ్మ గారు కూడా దిగింది. మాట మీద నమ్మకం లేక తానే వచ్చినట్టుంది. అరచెయ్యి లారీ మీద పెట్టి, తిప్పి చూసుకున్నది. పైట కొంగు తీసి గట్టిగా రుద్ది, కొంగు కూడా చూసుకున్నది.

"ఏం నూనె పోసినవ్ ఈసారి?"

"అవిసె నూనె అమ్మా. మా నాయిన గానుగది."

"ఇంట్ల నూనె అయితె ధర తగ్గాలె కద."

నేను నోరు తెరిచేలోపే అలివేలు ముందుకు వచ్చింది. "ధర తగ్గదమ్మా. శావణంల మాట్లాడుకున్న మాటే. పిరమైనా మేం అడగలే, అగ్గువైనా మీరు అడగొద్దు."

వెంకటనర్సమ్మ గారు అలివేలును పైనుంచి కిందికి చూసింది. "అప్పుడు నీ పెండ్లాన్ని పంపి అడిగితె నూనెకు ఇయ్యకపోదునా" అని నాతో అన్నది. అలివేలు వెంటనే నా వైపు తిరిగింది. ఆ మాట దాచిన సంగతి అలా బయటపడింది. సాయంత్రం దాకా నాకు శిక్ష నడిచింది, పూర్తిగా రాస్తే డైరీ సరిపోదు. తాను దిగి వచ్చిన లారీని కూడా ఆమె షెడ్డులోనే వదిలి, పచ్చ లారీలో పోయింది. ఇది నీలం కావాలట.

మధ్యాహ్నం నాయిన వచ్చాడు. చెప్పినట్టే బండి కట్టుకొని వచ్చాడు. అలివేలు, నేను వాకిట్లో నిలబడ్డాం. బండిలో ఇంకో రెండు డబ్బాల అవిసె నూనె తెచ్చాడు. దించాం. షెడ్డు అంతా తిరిగి చూశాడు. మట్టయ్య చిత్రిక పడుతున్న పలక మీద చెయ్యి వేశాడు, కాచిన నూనె వాసన చూశాడు, కొత్తగా వచ్చిన లారీ చుట్టూ నడిచాడు. ఈ షెడ్డు పెట్టిన తర్వాత ఆయన లోపలికి రావడం ఇదే మొదలు. అన్నం తిన్నాడు. ఉండబట్టలేక నేనే అడిగాను.

"నాయినా, ఈ పొద్దు పున్నమి."

"ఎరుకే. అందుకే వచ్చిన."

లేచి కండువా దులుపుకున్నాడు. అలివేలు రెండు రోజులు ఉండమన్నది, ఎద్దుకు ఇక్కడ గడ్డి దొరుకుతుందని కూడా చెప్పింది. ఆయన తల ఊపాడు కానీ చెప్పులు తొడుక్కున్నాడు. అవిసెలు ఎండలో పోసి వచ్చాడట, కాకులు ముట్టుకోక ముందే పోవాలట. బండి దగ్గరికి నడిచి, కాడి సర్దుతూ, మా వైపు చూడకుండానే అన్నాడు.

"కాళీ డబ్బలు ఉంటె ఇయ్యుండ్రి. నూనె పోసుకొని మల్ల రావాలె కద."

రెండు డబ్బాలు ఖాళీగా ఉన్నాయి. అవి ఇచ్చాను. తర్వాత షెడ్డు వెనక్కి పోయి, తుప్పు పట్టినవి, మూత లేనివి, కారేవి, మూలన పడి ఉన్నవన్నీ తెచ్చి బండిలో ఎక్కించాను. ఇన్ని ఎందుకని ఆయన అడగలేదు.